కలివికోడి నిలబడింది

ఈరోజు ఆదివారం, బడి లేదు. నేను లేచేసరికే మా అత్త వాకిట్లో చాప పరుచుకుని చింతపండు కొడుతూ ఉంది, ఒక పక్క గింజల కుప్ప, ఇంకో పక్క ఈనెల కుప్ప. ఈనెలు చెత్తలోకి ఎత్తబోతుంటే పరిగెత్తాను. "పారేయొద్దు అత్తా, నాకు కావాలి" అంటే, "పీచు గూడా దాచిపెడతావామ్మా!" అంది గానీ చాటలో పోసి పక్కన పెట్టింది.

రెండు నెలలుగా ఇదే పని నాకు. ఒకటో తరగతి పిల్లల కోసం అక్షరాల పుస్తకం చేస్తున్నాను. ఒక్కో అక్షరానికి ఒక్కో జీవి, అన్నీ చెట్ల కింద రాలిన కాయలు, గింజలు, పుల్లలు, బెరడుతోనే. బొమ్మ చేసి, వెలుతురు చూసి ఫోటో తీసి, పక్కన అక్షరం రాస్తాను. అడవి లోపలికి పోయి ఏదీ తేను, పోకూడదు కూడా. రోడ్డు పక్కన, చెరువుకట్ట మీద, బడి ఆవరణలో దొరికేవే నాకు ఎక్కువ. మొన్న గువ్వలచెరువుకి పాలకోవా కోసం పోయినప్పుడు దారిలో ఒక టీ అంగడి ముందు ఎర్రచందనం చెట్టు కనిపించింది, అంగడాయన్ని అడిగి కింద రాలిన కాయలు ఏరుకున్నా. పలుచటి గుండ్రటి రెక్క, నడిమధ్య ఉబ్బెత్తుగా గింజ. రెండు పక్కపక్కన పెడితే అచ్చం గుడ్లగూబ కళ్ళే! గ అయిపోయింది అక్కడికక్కడే. నిజానికి గ కి ముందు నల్లతుమ్మ కాయతో గొంగళిపురుగు చేశాను, పూసలు గుచ్చినట్టు ఉంటుంది కదా ఆ కాయ, చాలా బాగా కుదిరింది. నాలుగో రోజు చూస్తే కాయకి సన్నటి బొక్కలు, కింద పొడి, గింజల్లోంచి పురుగులు బయటికొచ్చాయి. పక్కనే పెట్టిన తాబేలు కూడా పాడయింది, ఏడుపొచ్చింది. అప్పటినుంచి ఏ కాయ తెచ్చినా ముందు బాగా ఎండబెట్టి, కవర్లో చుట్టి ఫ్రిజ్ పైగదిలో కొన్ని రోజులు పెట్టాకే చేతిలోకి తీసుకుంటున్నా.

ఈరోజు వంతు క. మామూలుగా ఏ పుస్తకం తీసినా కాకి, కుందేలు, కోతి. నాకు మాత్రం మొదటినుంచీ కలివికోడే పెట్టాలని. 1848లో పుస్తకాలకెక్కిన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనబడక ఇంక లేదనుకున్న పక్షి, 1986లో మన కడప జిల్లాలోనే, లంకమల దగ్గర మళ్ళీ దొరికింది. రాత్రిళ్ళు తిరుగుతుంది, పగలు ముళ్ళపొదల నీడలో కదలకుండా ఉంటుంది. ఆ పొదలు కొట్టేస్తే దానికి ఇల్లు లేదు. ఇప్పుడు లోకంలో ఇంకెక్కడా కనబడని పక్షి మన పొదల్లో ఉంటే, మన పిల్లలకి క అంటే అది గుర్తు రావద్దూ?

ఒళ్ళు కానుగ కాయతో, తల గచ్చకాయతో చేశాను. ముక్కుకి తుమ్మముల్లు, దాని మొదలు తెల్లగా, కొస నల్లగా ఉంటుంది. ఆ తెలుపుకి కాస్త పసుపు రాస్తే సరిగ్గా దాని ముక్కే. కళ్ళకి సీతాఫలం గింజలు, పెద్దవి, నల్లగా మెరిసేవి. మా చిన్నోడు గురివింద గింజలు పెడదామని ఒకటే గొడవ, ఎర్రగా బాగుంటాయని. వాటిలో విషం ఉంటుంది నాన్నా, పిల్లలు ముట్టుకునే బొమ్మలో వద్దు అని చెప్పి, వాడి జేబులో ఉన్నవి కూడా తీయించి చేతులు కడిగించాను.

అసలు పని ఛాతీది. ఆ పక్షికి గొంతు కింద రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి, మధ్యలో తెలుపు. దానికే చింతపండు ఈనెలు. ఒక్కో ఈనె నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక చుట్టి, తుమ్మబంక రాసి వేలితో నొక్కి పట్టుకోవాలి, వదిలితే లేచిపోతుంది. రెండో పట్టీకి మూడు ఈనెలు విరిగాయి. మధ్యలో జిల్లేడు దూది అతికించేటప్పుడు ఫ్యాన్ ఆపేసి, ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాం ఇద్దరం. చెమటలు కారిపోతున్నాయి, కడప ఎండ సంగతి చెప్పేదేముంది. కాళ్ళు మాత్రం ఎంతకీ నిలబడలేదు. సన్నవి పెడితే వంగిపోతాయి, లావువి పెడితే కొంగలా ఉంది.

అత్త వచ్చి చూసింది. ఆమె పుట్టిల్లు సిద్ధవటం పక్క పల్లె. "కలివిపొదల్లో తిరిగేదానికి చీపురుపుల్లలు పెడితే యాడ నిలబడతాది? కలివిపుల్లే పెట్టు" అంది. కలివి అంటే ముళ్ళపొదే, చిన్నప్పుడు దాని పండ్ల కోసం పోయి చేతులు గీసుకున్న సంగతులు చెప్పింది. పక్షిని చూసినావా అత్తా అంటే, "నేను చూళ్ళేదు. మా నాయన పేరు చెప్పేవాడు" అని కాసేపు ఏం మాట్లాడలేదు. సాయంత్రం చిన్నోణ్ణి తీసుకుని కట్ట మీదికి పోయి ఎండిపోయిన కలివిపుల్లలు రెండు తెచ్చాను. ఎర్రమట్టి ముద్దలో గుచ్చి, వాటి మీద పక్షిని పెట్టి చెయ్యి తీశాను. నిలబడింది. చిన్నోడు గట్టిగా అరవబోయి, పడిపోతుందేమోనని నోరు మూసుకున్నాడు.

ళ కి ముళ్ళపంది ఎప్పుడో అయింది, ఏనుగుపల్లేరు కాయలతో. ణ తో మొదలయ్యే మాటే లేదు కాబట్టి మధ్యలో ణ ఉన్న కణుజు, అదే పెద్ద కొమ్ముల జింక, పెట్టుకున్నా, కొమ్ములకి వేపపుల్లలు చూడాలి. ఋ దగ్గర అందరూ ఋషిని పెడతారు, నాకు జీవే కావాలి, ఋక్షం అంటే ఎలుగుబంటే కదా, కొబ్బరిపీచుతో అది చేస్తా. అప్పుడు ఎ ఖాళీ అవుతుంది, ఎండ్రకాయ వస్తుంది అక్కడికి. రేపు ఖ. ఖడ్గమృగం తప్ప ఏదీ తోచట్లేదు, అది మన కొండల్ది కాదు, అయినా పిల్లలకి ఇష్టం. కొమ్ముకి ఏం పెట్టాలో చిన్నోడు అప్పుడే వెతుకుతున్నాడు, పడుకోరా అంటే వినడం లేదు, చింతగింజలన్నీ మంచం మీద పోసుకుని ఒక్కోటి నిలబెట్టి చూస్తున్నాడు.