భోగిపళ్ళలో డాలర్ బిళ్ళలు

అమెరికాలో భోగిపళ్ళు పోయాలంటే మొదటి చిక్కు రేగుపళ్ళతోనే. మేముండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డుకి దగ్గర్లోనే కాబట్టి ఏదో ఒక ఇండియన్ స్టోర్స్‌లో దొరికితే దొరుకుతాయి, లేకపోతే క్రాన్‌బెర్రీలతో కానిచ్చేస్తాం. రెండో చిక్కు చిల్లర. క్వార్టర్లన్నీ తెల్లగా ఉంటాయి, పెన్నీలు నల్లబడిపోయి ఉంటాయి. నిరుడు సంక్రాంతికి ముందు మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, "పిల్లాడి తల మీద పోసేవి కాస్త పచ్చగా మెరవద్దుటే?" అంది. అలా మా ఇంట్లోకి డాలర్ నాణేలు వచ్చాయి.

అమెరికాలో డాలర్ నాణెం ఉందని ఇక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్న మనవాళ్ళకే చాలామందికి తెలీదు. బ్యాంకులో అడిగితే పాతికేసి బిళ్ళలున్న కాగితం చుట్ట ఇస్తారు. కొన్నిచోట్ల "మా దగ్గర ఉండవు" అని పంపించేస్తారు కూడా. నాలుగు బ్రాంచీలు తిరిగితే రెండు చుట్టలు దొరికాయి. వాటిని చామంతి రేకులు, చెరకు ముక్కలు, క్రాన్‌బెర్రీల్లో కలిపి మా వాడి తల మీద పోశాం. పేరంటానికి వచ్చిన పిల్లలంతా కింద పడిన డబ్బులు ఏరుకున్నారు. అందరూ వాటిని జేబులో వేసుకుని కేకు దగ్గరికి పరిగెత్తారు. అప్పుడు నాలుగో క్లాసులో ఉన్న మా అమ్మాయి మాత్రం తన వాటాని కార్పెట్ మీద పరుచుకుని కూర్చుంది. "అమ్మా, ఇవన్నీ ఒక్క డాలరే కదా, మరి బొరుసు వైపు ఒక్కోదానికీ ఒక్కో బొమ్మ ఉందేంటి?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. తనే చదివి నాకు చెప్పింది.

బొమ్మ వైపు వీపున పసిపిల్లాణ్ణి కట్టుకుని, భుజం మీంచి వెనక్కి చూస్తున్న అమ్మాయి పేరు సకాజవీయా. షోషోనీ తెగ పిల్ల. 1805లో పడమటి వైపు దారి వెతుకుతూ బయల్దేరిన లూయిస్, క్లార్క్ అన్వేషకుల బృందంతో పడమటి సముద్రం దాకా నడిచింది, అదీ రెండు నెలల పసిబిడ్డతో. ఆమె అసలు రూపం ఎలా ఉండేదో చూపించే చిత్రం ఒక్కటీ లేదు. అందుకే గ్లెన్నా గుడేకర్ అనే శిల్పి రాండీల్ టీటన్ అనే షోషోనీ-బానక్ విద్యార్థినిని ఎదురుగా పెట్టుకుని ఆ ముఖం చెక్కింది. 2000లో నాణెం విడుదలయ్యాక శిల్పికి 5,000 డాలర్ల పారితోషికాన్ని కూడా ఈ డాలర్ బిళ్ళల్లోనే ఇచ్చారట. 2009 నుంచి బొరుసు వైపు ఏటా బొమ్మ మారుస్తున్నారు, అన్నీ ఈ దేశపు మూలవాసుల కథలే. ఆకాశహర్మ్యాల ఉక్కు దూలాల మీద పనిచేసిన మోహాక్ కార్మికులు 2015లో, చెరోకీ తెగకు చెందిన రాకెట్ ఇంజినీరు మేరీ గోల్డా రాస్ 2019లో వచ్చారు. మా అమ్మాయికి మేరీ రాస్ బొమ్మంటే ప్రాణం, ఎందుకంటే ఆవిడ లెక్కలు రాస్తూ ఉంటుంది. మా నాన్నకి 2009 నాటిది నచ్చింది. అందులో ఒక స్త్రీ మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసిన చేలో విత్తనం నాటుతూ ఉంటుంది. చిక్కుడు తీగ మొక్కజొన్న కాడని పట్టుకుని పాకుతుంది, గుమ్మడి ఆకులు కింద నేల ఆరిపోకుండా కప్పుతాయి. "మనం జొన్నలో కంది వెయ్యమూ? అంతే ఇదీను" అని తేల్చేశాడు.

ఈ పిచ్చి ముదిరి, లైబ్రరీలో నెలకోసారి కలిసే నాణేల క్లబ్బు దాకా వెళ్ళింది. అక్కడున్నవాళ్ళంతా రిటైరైన పెద్దవాళ్ళే, పిల్లలంటే మా అమ్మాయీ ఇంకో కుర్రాడూ. కొత్త డాలర్ల డిజైన్ల గురించి వాళ్ళ అభిప్రాయాలు వింటూ కూర్చుంటే మన కల్యాణ మండపంలో భోజనాల గురించి మాట్లాడుకునే మావయ్యల మధ్య ఉన్నట్టే ఉంటుంది. ఏదీ నచ్చదు, ఏదీ వదలరు.

వాళ్ళ మొదటి కోపం అంచు మీద. 2009 నుంచి సంవత్సరాన్ని, టంకశాల గుర్తుని నాణెం ముఖం మీంచి తీసేసి అంచున చెక్కుతున్నారు. ఆల్బంలో పెట్టాక ఏ ఏడాదిదో, ఫిలడెల్ఫియాదో డెన్వర్‌దో తెలీదు. కోపం న్యాయమైనదే అనిపించింది నాకు. రెండోది, బొమ్మ కంటే రాత ఎక్కువైపోయిందని. 2018లో మొదలైన ఇన్నొవేషన్ వరుసలో ఏడాదికి నాలుగు రాష్ట్రాల చొప్పున, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఆవిష్కరణ వేస్తున్నారు. బొమ్మ వైపు స్వేచ్ఛా ప్రతిమ మారదు, బొరుసు మారుతుంది. 2021లో న్యూహాంప్‌షైర్‌కి రాల్ఫ్ బేర్ కనిపెట్టిన ఇంటి వీడియో గేమ్ వేశారు, చూడ్డానికి గేమ్ మెషీన్‌లో వేసే టోకెన్‌లా ఉండాలనే కావాలని అలా గీశారు. క్లబ్బులో సగం మందికి అది వెక్కిరింతలా అనిపించింది. మా అమ్మాయీ ఆ కుర్రాడూ మాత్రం అదే అన్నిటికంటే బాగుందని ఓటేశారు. ఎంత చిన్న బిళ్ళైనా అరచేతిలో పెట్టగానే ఇదేదో తెలియాలి, పక్కన రాసి చెప్పాల్సి వస్తే అది పోస్టర్ అవుతుందని నా అభిప్రాయం. ఆ లెక్కన టోకెన్‌ది గెలుపే.

ఒకసారి ఆ బల్ల మీంచి ఒక డాలర్ జారి మా అమ్మాయి బూటుకి తగిలింది. ఆలోచించకుండానే తీసి రెండు కళ్ళకీ అద్దుకుంది. ఎదురుగా ఉన్న పెద్దాయన మెచ్చుకోలుగా తలూపి, "గుడ్, అంచు అలాగే దగ్గరగా పెట్టుకుని చూడాలి" అన్నాడు. అది నాకేసి చూసింది. సర్దిచెప్పాల్సిన పని లేదని నేను కళ్ళతోనే సైగ చేశాను. డబ్బుకి కాలు తగిలితే ఏం చెయ్యాలో నేనెప్పుడూ కూర్చోబెట్టి నేర్పలేదు, నన్ను చూసి పట్టేసింది. నేర్పాలని పూనుకున్న తెలుగు గుణింతం మాత్రం ఇప్పటికీ 'ఖ' దగ్గరే ఆగింది.

ఆ పెద్దాయనే తర్వాత దానికి మా రాష్ట్రం డాలర్ ఒకటి ఇచ్చాడు. 2019 నాటిది, ఎడిసన్ లైట్ బల్బు ఉంటుంది. మెన్లో పార్క్‌లో ఆ బల్బుని వెలిగించిన చోటు మా ఇంటికి కారులో ఐదు నిమిషాలు. మా ఊరికి ఆ పేరు రావడం కూడా ఆయన వల్లే. "దాచుకోకు, ఖర్చు పెట్టు. తిరగని నాణెం నాణెం కాదు" అన్నాడాయన. పక్కనున్నావిడ, "వినకమ్మా, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో" అంది. క్లబ్బులో అసలు తగువు అదే. డిజైన్ గొడవలన్నీ దాని తర్వాతే.

కిందటి వేసవిలో అమ్మానాన్నా ఆరు నెలలకి వచ్చారు. డాలర్ బిళ్ళలది మాంగనీసు కలిసిన ఇత్తడి పూత. నాలుగు చేతులు మారేసరికి గోధుమరంగుకి తిరిగిపోతాయి, అదీ కలెక్టర్ల ఫిర్యాదే. ఒక శుక్రవారం ఉదయం నేను కిందికి వచ్చేసరికి సింకులో చింతపండు గుజ్జు, స్టీలు గిన్నెలో మా అమ్మాయి భోగి డాలర్లన్నీ తళతళలాడుతూ ఉన్నాయి. పూజ గిన్నెలు తోముతూ వాటినీ తోమేసింది అమ్మ. నాణేన్ని ఎన్నడూ కడగకూడదు అన్నది క్లబ్బులో మొట్టమొదట చెప్పే నియమం. కడిగితే పైపొర పోయి విలువ పడిపోతుంది. మా అమ్మాయి ముఖం చూస్తే ఏడుస్తుందేమో అని టెన్షన్ పడ్డాను. అది మాత్రం 2000 నాటివి ఏరి ఒక్కొక్కటే బొరుసు మీదున్న గద్ద తోక దగ్గర భూతద్దం పెట్టి చూసుకుంది. ఆ ఏడాది చీరియోస్ అనే టిఫిన్ అటుకుల డబ్బాల్లో 5,500 డాలర్లు వేశారు, వాటిలో కొన్నిటికి తోక ఈకల మీద గీతలు ఎక్కువ, అవి దొరికితే వేల డాలర్లు. అలాంటిది ఒక్కటీ లేదని తేలాక, "ఓకే అమ్మమ్మా, తోముకో" అని గిన్నె తిరిగి ఇచ్చేసింది.

డిజైన్ల గురించి అమ్మకీ ఒక అభిప్రాయం ఉంది. తన కాసులపేరు చూపించి, "ఇన్ని కాసులున్నాయా, అన్నిటి మీదా లక్ష్మే. ఏడాదికో మొహం మారిస్తే దేన్ని గుర్తుపెట్టుకుంటారే?" అంది. క్లబ్బులో చెప్తే చప్పట్లు కొట్టేవాళ్ళు. 2007 నుంచి ఏడాదికి నలుగురు ప్రెసిడెంట్లని వేసి జనాన్ని విసిగించారని వాళ్ళూ అంటారు. కొనేవాళ్ళు లేక, వాడేవాళ్ళు లేక దాదాపు 140 కోట్ల డాలర్ నాణేలు గోదాముల్లో పోగుపడితే, 2011 డిసెంబరులో వాటిని చలామణి కోసం కొట్టడమే ఆపేశారు. అప్పట్నుంచి వచ్చే కొత్త డిజైన్లన్నీ దాదాపు కలెక్టర్ల కోసమే. కాగితం డాలర్ ఉన్నంతకాలం బిళ్ళని ఎవరు మోస్తారు? కెనడా వాళ్ళు 1987లో నాణెం తెచ్చారు, 1989లో నోటు ఆపేశారు, తగువు తీరింది. అక్కడ మిసిసాగాలో ఉన్న మా బాబాయి పిల్లలకి లూనీ, అంటే ఆ డాలర్ నాణెం, ఉత్త చిల్లర, దాని మీద పక్షి గురించి వాళ్ళెవరూ క్లబ్బులు పెట్టుకోరు. ఇక్కడ 2025 నవంబరు 12న చలామణికి చివరి పెన్నీ కొట్టారు కదా, దుకాణాల గల్లాపెట్టెలో ఒక అర ఖాళీ అవుతుంది, అందులో డాలర్ని పెట్టమని మా పెద్దాయన ఆశ. నాకైతే నమ్మకం లేదు.

నమ్మకం లేకపోవడానికి కారణం ఉంది. బల్బు డాలర్ని ఖర్చు పెట్టడానికి మా అమ్మాయి తాతయ్యని వెంటేసుకుని వెళ్ళింది. మిరపకాయ బజ్జీల కౌంటర్లో ఉన్న కుర్రాడు, మనవాడే, దాన్ని తిప్పి తిప్పి చూసి, "అంకుల్, ఇది చెల్లదేమో" అన్నాడు. నాన్నకి ఒళ్ళు మండింది. ఎందుకంటే పాలకొల్లులో ఆయన పదిరూపాయల బిళ్ళ కోసం ఏళ్ళ తరబడి పోట్లాడి వచ్చాడు. పది గీతలది మంచిది, పదిహేను గీతలది దొంగది అని పుకారు లేచి ఆటోవాళ్ళు, కిరాణా కొట్లవాళ్ళు తీసుకోవడం మానేశారు. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని ప్రకటన ఇచ్చినా వినే నాథుడు లేడు. ఆ ప్రకటన కత్తిరింపు ఇప్పటికీ ఆయన పర్సులో ఉంది. దాన్నే తీసి ఎడిసన్‌లో బజ్జీల కుర్రాడికి చూపించాడట! సంబంధం ఏంటో ఆ కుర్రాడికి అర్థమై ఉండదు కానీ బిళ్ళ తీసుకున్నాడు. డిజైన్లు ఎక్కువైతే జనానికి అనుమానం ఎక్కువవుతుందని ఇదంతా విన్నాక నేనూ అమ్మ పార్టీలోకి వచ్చేశాను.

మా అమ్మాయి కోసం నాన్న ఇండియా నుంచి తెచ్చినవి రెండు. ఒక డబ్బా నిండా పాత రూపాయలు, అర్ధలు, పావలాలు. సంవత్సరం కింద చుక్కలాంటి నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలదని చెప్తే రోజంతా నక్షత్రాలు ఏరింది. రెండోది, 2023 ఆగస్టులో రాష్ట్రపతి విడుదల చేసిన ఎన్టీఆర్ వందరూపాయల నాణెం. అది హైదరాబాద్‌లోనే తయారైంది, సగం వెండి. "దీంతో వంద రూపాయల వస్తువు కొనొచ్చా?" అంటే, "కొనొచ్చేమో గానీ దీన్ని కొనడానికే నాలుగు వేలు దాటింది" అన్నాడు. అది పడీపడీ నవ్వింది. ఇన్నొవేషన్ డాలర్లదీ అదే కథ, పాతిక బిళ్ళల చుట్టకి పాతిక డాలర్ల కంటే బాగా ఎక్కువ పెట్టాలి.

వాళ్ళు తిరుగు ప్రయాణానికి సూట్‌కేసులు సర్దుకుంటున్న అక్టోబరులో 2026 డిజైన్లు బయటికొచ్చాయి. కాలిఫోర్నియాకి స్టీవ్ జాబ్స్, కొండల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్న కుర్రాడిలా. "ధ్యానం చేసుకుంటున్నాడా పాపం?" అంది అమ్మ. విస్కాన్సిన్‌కి క్రే సూపర్ కంప్యూటర్, మిన్నెసోటాకి సరుకుల్ని చల్లగా మోసే రిఫ్రిజిరేటర్ లారీలు. అయోవాకి నార్మన్ బోర్లాగ్. ఆ పేరు వినగానే నాన్న సూట్‌కేసు జిప్పు సగంలో వదిలేసి వచ్చి కూర్చున్నాడు. బోర్లాగ్ గోధుమ వంగడాలతో పంజాబు ఎలా మారిందో, 1970లో ఆయనకి శాంతి నోబెల్ ఎందుకిచ్చారో, అదే రోజుల్లో మన వైపు ఐఆర్-8 వరి ఎలా వచ్చిందో, 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని వేస్తే చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం ఎలా వచ్చారో, అంతా చెప్పాడు. మా అమ్మాయి మధ్యలో ఒక్కసారి కూడా ఐప్యాడ్ వైపు చూడలేదు. ఎన్ని వేసవులు పాలకొల్లు తీసుకెళ్ళినా పొలం గురించి అది ఒక్క ప్రశ్న వేసిన పాపాన పోలేదు. అయోవా డాలర్ బొరుసు మీంచి ఆచంట దాకా వెళ్ళింది.

ఆ బోర్లాగ్ బిళ్ళ పక్కింటి పిల్లల చేతుల్లోకీ చిల్లరగా వచ్చి ఉంటే వాళ్ళూ ఎవరీయన అని అడిగేవాళ్ళు. రాదు, డబ్బాల్లోకే పోతుంది. కొత్త డిజైన్ల మీద నా ఫిర్యాదు అదొక్కటే, గీసినవాళ్ళతో నాకు పేచీ లేదు.

ఇప్పుడు మా ఇంట్లో బడ్జెట్ తగువు నడుస్తోంది. డాలర్‌ని డాలర్ కంటే ఎక్కువ పెట్టి కొనడమేంటని మా ఆయన. అయోవాది ఒక చుట్ట కావాలి, అందులో ఒకటి తాతయ్యకి పంపాలి అని అమ్మాయి. కాలిఫోర్నియాది కావాలని తమ్ముడి గోల, వాడికి వరి కంటే ఫోనే ముఖ్యం.