కోడిపెట్ట, రెండు గాజులు

మొన్న ఆషాఢంలో నాకు జ్వరం వచ్చింది. మొదటిరోజే వేలు పొడిచి చూసి మలేరియా లేదన్నారు. గుణుపురంలో ఒక వైద్యుడు టైఫాయిడ్ అని ఐదు రోజులు సెలైన్లు ఎక్కించాడు. రక్తం మళ్లీ పరీక్ష చేయించమని నా భార్య అడిగితే "డాక్టరు నువ్వా నేనా?" అన్నాడట. ఆయన లెక్క వేరు, అది ఇంకా తేలలేదు.

ఆరో రోజు రాత్రి ఒకటే వాన. నా మాట తడబడింది. గోడమీది క్యాలెండరులో ప్రభువు భుజాన ఉన్న గొర్రెపిల్ల దిగివచ్చిందని, దానికి గడ్డి వేయమని అరిచానట. తెల్లారేదాకా రామని బండివాళ్లు చెప్పేశారు. మా చర్చి సంఘ పెద్ద గొడుగు వేసుకుని వచ్చి ప్రార్థన చేశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి అన్నాడు: "దేవుడు నీ దగ్గర ఏదో బలి అడుగుతున్నాడు బాబూ. దాచుకున్న పాపం ఉంటే ఒప్పుకో."

ఆ రాత్రి సంగతుల్లో నాకు గుర్తున్నది ఆ మాట ఒక్కటే. నేను దాచుకున్న పాపం నిజానికి పెట్టె మీదే ఉంది. ప్రభుత్వం ఇచ్చిన దోమతెర! దాన్ని వడియాల మీద కాకులు వాలకుండా కప్పేవాళ్లం.

నా భార్య తన రెండు గాజులూ తీసి రుమాల్లో కట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వద్దనలేదు. అదే రాత్రి పక్కింటి సవర తెగ ముసలమ్మ, నన్ను పట్టిన పీడ పోవాలని, గుడ్లు పెట్టే తన కోడిపెట్టను వాళ్ల ఆచారం ప్రకారం బలిచ్చింది. రక్తం చిందిస్తే జ్వరం పోతుందా అని పెద్దాయన ఆమెను కసిరాడట. మరి గాజులిస్తే పోతుందా అని అడగడానికి నాకు స్పృహ లేదు.

తెల్లారాక బండి దొరికింది. పెద్దాసుపత్రిలో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా, మెదడుకు ఎక్కిందన్నారు. ఆర్టిసునేట్ ఇంజక్షన్లు ఇచ్చారు. మూడో రోజు నా పేరు నేను చెప్పగలిగాను. రాత్రి డ్యూటీ నర్సు గంటగంటకూ చక్కెర చూసేది, ఆమె మొహం నేను సరిగా చూసిందీ లేదు. మా వైపు జ్వరం వస్తే మొదటి పరీక్షలో లేదన్నారని ఊరుకోకండి, మర్నాడు మళ్లీ చేయించండి.

మంచం మీద చేసే పనేముంది, బైబిలు తీశాను. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు "పాపం ఎవరిది?" అని అడిగితే, వాడిదీ కాదు, వాడి కన్నవాళ్లదీ కాదన్నాడు యేసు. బలి కాదు, కనికరమే కావాలన్న హోషేయ ప్రవక్త మాటను మత్తయి సువార్తలో ఆయన రెండుసార్లు ఎత్తాడు. ఆయన తన్నుతాను ఒక్కసారే, అందరికోసం అర్పించుకున్నాడని బైబిల్లోని హెబ్రీ పత్రిక, అంటే హెబ్రీయులకు రాసిన ఉత్తరం, చెబుతుంది. అంతా అయిపోయాక మళ్లీ నా భార్య గాజులతో పనేమిటి? చదివేకొద్దీ నెమ్మది రావాలి కదా, నాకు కోపం వచ్చింది.

ఆ గాజులు ఇప్పుడు చర్చిలో స్పీకరు పెట్టె అయ్యాయి. ప్రతి ఆదివారం ఆయన గొంతు అందులోంచే వినాలి. తప్పు చేసినవాణ్ణి ఏడుసార్లు క్షమిస్తే చాలా అని శిష్యుడు పేతురు అడిగితే డెబ్బై ఏళ్లమార్లు, అంటే డెబ్బై ఏడుల సార్లు, అన్నాడు ప్రభువు. డెబ్బైని ఏడుతో గుణిస్తే 490. తప్పు ఒక్కటే అయినా, తలుచుకున్న ప్రతిసారీ కొత్తగా క్షమించాలి గనుక ఆ లెక్క ఎక్కువేమీ కాదు.

ప్రభువు బల్ల, అంటే యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం, ఉన్న ఆదివారం, ఆరాధనకు ముందే ఆయన్ను చర్చి వెనక్కి పిలిచాను. "ఆ రాత్రి మీరన్న మాట తప్పండీ" అన్నాను. ఆయన చాలాసేపు చెప్పులవైపు చూశాడు. "నువ్వు పోతావనుకున్నాను బాబూ. ఏమనాలో తెలియలేదు" అన్నాడు. క్షమించమని ఆయన అడగలేదు, క్షమించానని నేనూ అనలేదు. గాజుల ఊసు ఇద్దరమూ ఎత్తలేదు. రొట్టె పళ్లెం నా ముందుకు వచ్చినప్పుడు ఆయన చెయ్యి వణుకుతోంది. ముక్క తీసుకున్నాను.

ముసలమ్మకు సంతలో ఒక పెట్టను కొనిచ్చాను. నాలుగో రోజున అది పెట్టిన మొదటి గుడ్డును కొంగులో పెట్టుకుని తెచ్చి మా గడప మీద పెట్టి పోయింది.