హంపిలో కొత్త కెమెరాతో

కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా చేతికొచ్చాక మొదటి ప్రయాణం హంపికే పెట్టుకున్నాం, నేనూ మా తమ్ముడూ. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో ఫోటోలు తీస్తూ కూడా కెమెరా నేర్చుకోవచ్చు కానీ అక్కడ మనుషులు ఆగరు, సెట్టింగు మార్చేలోపు నవ్వు అయిపోతుంది. హంపిలో అన్నీ రాళ్లే. ఒకే మండపం ముందు గంటసేపు నిలబడి అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మార్చి ఒకటి, షట్టర్ వేగం (వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలన్నది) మార్చి ఇంకొకటి తీసుకుంటూ ఉన్నా ఎవరూ తొందరపెట్టరు. పైగా డిసెంబరు. ఆ నెలలో సూర్యుడు బాగా దక్షిణానికి వాలి ఉంటాడు, మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు, అంచేత స్తంభాల మీద చెక్కిన బొమ్మలకి రోజంతా ఎంతో కొంత పక్కవెలుతురు దొరుకుతుంది. ఫోటోలు తీసేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి.

సామాను తక్కువే. కెమెరాతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్స్ (అంకె చిన్నదైతే ఎక్కువ దృశ్యం పడుతుంది), విడిగా తీసుకున్న 50 ఎంఎం ఎఫ్/1.8 (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే అపెర్చర్ పెద్దది, వెలుతురు ఎక్కువ), ఇంకో బ్యాటరీ, రెండు కార్డులు. ట్రైపాడ్ తీసుకెళ్లలేదు. పురావస్తు శాఖ వాళ్ల కట్టడాల్లో ముందుగా అనుమతి తీసుకోకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు, చేత్తో పట్టుకుని తీసుకుంటే ఇబ్బంది లేదు. నిజానికి నేర్చుకునేటప్పుడు ట్రైపాడ్ లేకపోవడమే నయమని నాకనిపించింది. ఏ స్తంభానికి ఆనుకుంటే చెయ్యి కదలదో, మోచేతులు పక్కటెముకలకి ఎలా ఆనించాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో ఒళ్లే నేర్చుకుంటుంది.

మొదటి పొద్దున మాతంగ పర్వతం ఎక్కాం. హంపిలో సూర్యోదయం చూడ్డానికి అందరూ చెప్పే చోటే, కానీ అందరూ చెబుతున్నారని వదిలేసుకునే చోటు కాదు. టార్చిలైటు వేసుకుని ఇంకొందరితో కలిసి ఎక్కాం, చీకట్లో ఒంటరిగా వెళ్లొద్దని ముందే విన్నాం. పైన కూర్చున్నాక తూర్పు కాస్త తెల్లబడుతుంటే ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఉండిపోయింది. దానికి ఎక్కడో ఒకచోట వెలుగూ నీడా స్పష్టంగా విడిపోయే గీత కావాలి, ఒట్టి ఆకాశం చూపిస్తే దానికేం దొరుకుతుంది? దూరంగా ఒక బండ అంచు ఆకాశం మీద నల్లగా కనిపిస్తోంది. నడిమి ఫోకస్ పాయింటు దాని మీద పెట్టి సగం నొక్కితే వెంటనే పట్టుకుంది. అక్కణ్ణుంచి ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 1600, లెన్స్ 18 దగ్గర, షట్టర్ సెకనులో 30వ వంతు, కెమెరా ఒక రాతిమీద ఆనించి తీసుకుంటూ పోయాం. ఆరున్నర దాటాక సూర్యుడు పైకొచ్చాడు. కింద అచ్యుతరాయ ఆలయం, దాని ముందు పొడవాటి బజారు వీధి, అవతల తుంగభద్ర, మధ్యలో ఎవరో ఏరి పేర్చినట్టు గుట్టలు గుట్టలుగా గ్రానైట్ బండలు. మొదట అవన్నీ నీలంగా ఉన్నాయి, కాసేపటికి గులాబీ, తర్వాత ఎర్రమట్టి రంగు, ఆ తర్వాత మామూలు రాయి రంగు. ఈ మార్పు కంటికి తెలుస్తూనే ఉంది. అయితే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆ రంగుల్ని సరిచేసేయాలని చూస్తుంది, గులాబీ తీసేసి రాయిని బూడిదరంగు చేసేస్తుంది. దాన్ని డేలైట్‌లో పెట్టగానే ఎదురుగా ఉన్న రంగు ఎదురుగా ఉన్నట్టే వచ్చింది. అప్పటిదాకా పక్కన ఊరికే కూర్చున్న మా వాడు "అక్కా, ఒక్కసారి నాకివ్వవే" అని కెమెరా తీసుకున్నాడు, ఇక గుట్ట దిగేదాకా తిరిగివ్వలేదు.

కిందికొచ్చేసరికి నది దగ్గర గుడి ఏనుగుకి స్నానం చేయిస్తున్నారు. రాళ్లు ఆగుతాయని వచ్చినవాళ్లకి కదిలే బొమ్మ కూడా దొరికింది. షట్టర్ ప్రయారిటీలో, అంటే షట్టర్ వేగం మనమే ఎంచుకునే పద్ధతిలో, సెకనులో 1000వ వంతు పెట్టి వరసగా తీస్తే తొండంలోంచి చిమ్మిన నీళ్లు గాజుముక్కల్లా గాల్లో నిలబడిపోయాయి, ఒక్కో బొట్టు విడివిడిగా. అదే 30వ వంతుకి తగ్గిస్తే ఏనుగు నిలకడగా, నీళ్లు మాత్రం తెల్లటి తెరలా. నాకు రెండోదే నచ్చింది. తమ్ముడికి మొదటిది. ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

ఆ రోజంతా విరూపాక్ష ఆలయంలోనే గడిచింది. తూర్పు గోపురం తొమ్మిది అంతస్తులు, సుమారు 50 మీటర్ల ఎత్తు, దగ్గరికెళ్తే 18 ఎంఎంలో కూడా పట్టదు. కెమెరా పైకెత్తి తీస్తే గోపురం వెనక్కి వాలిపోతున్నట్టు వస్తుంది. బజారు వీధిలో చాలా దూరం వెనక్కి నడిచి, కెమెరా నిటారుగా పట్టుకుని తీస్తే గీతలు నిలువుగా నిలబడ్డాయి. లోపల శ్రీకృష్ణదేవరాయలు 1510లో కట్టించిన రంగమండపం ఉంది. దాని కప్పు మీద గిరిజా కల్యాణం, అర్జునుడి మత్స్యయంత్రం, విద్యారణ్యుల పల్లకి ఊరేగింపు రంగుల్లో వేసి ఉన్నాయి. ఆ బొమ్మల మీద ఫ్లాష్ వేయడం నాకు ఇష్టం లేదు. 50 ఎంఎం తగిలించి ఎఫ్/2 దగ్గర పెట్టాను. గుమ్మంలోంచి నేలమీద పడి పైకి ఎగసే వెలుతురే సరిపోయింది, ఆ పాత ఎరుపులు దానికే బాగా పలికాయి. గర్భగుడి దగ్గర కెమెరా సంచిలోనే ఉంచాం.

ఈ గుడిలో నేను అన్నిటికంటే ఎక్కువగా చూడాలనుకున్నది గర్భగుడి వెనకాల ఉన్న ఒక చిన్న చీకటి గది. దాని గోడలో ఒక చిన్న రంధ్రం ఉంది. ఆ రంధ్రంలోంచి వచ్చిన వెలుతురు ఎదురు గోడ మీద పడుతుంది, పడ్డచోట తూర్పు గోపురం తలకిందులుగా కనిపిస్తుంది. లోపలికి అడుగు పెట్టగానే ఏమీ కనబడలేదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక మసక మసకగా ఒక ఆకారం తేలింది, శిఖరం కిందికీ పునాది పైకీ. అంతస్తులు కూడా ఒకదాని మీద ఒకటి తెలుస్తున్నాయి. అక్కడున్న పెద్దాయన ఒకరు రంధ్రానికి అరచెయ్యి అడ్డం పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూపించారు. చెయ్యి పెడితే గోపురం లేదు, తీస్తే ఉంది.

గోపురం కొసనుంచి బయల్దేరిన వెలుతురు గీత గీసినట్టు తిన్నగా కిందికి దిగుతూ రంధ్రం దాటి గోడ కింది భాగంలో పడుతుంది. గోపురం అడుగునుంచి వచ్చింది పై భాగంలో పడుతుంది. వెలుతురు తిన్నగా తప్ప ప్రయాణించదు కాబట్టి బొమ్మ తిరగబడక తప్పదు. నా చేతిలో ఉన్న పెట్టె చేసేదీ ఇదే పని. రంధ్రం ఉన్నచోట లెన్స్, గోడ ఉన్నచోట వెలుతుర్ని ఫోటోగా పట్టే సెన్సర్. సెన్సర్ మీద కూడా గోపురం తలకిందులుగానే పడుతుంది. మరి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్లో నిటారుగా ఎందుకు కనిపిస్తోందంటే, లెన్స్ వెనకాల 45 డిగ్రీల కోణంలో ఒక అద్దం ఉంటుంది, అది వెలుతుర్ని పైకి తిప్పుతుంది, పైన ఉన్న పెంటాప్రిజం అనే గాజు దిమ్మ కుడి ఎడమలు సరిచేసి మన కంటికి అందిస్తుంది. షట్టర్ నొక్కగానే అద్దం ఠక్కున పైకి లేస్తుంది, దారి ఖాళీ అయి వెలుతురు సెన్సర్‌ని తాకుతుంది. ఫోటో పడే ఆ క్షణంలో మాత్రం వ్యూఫైండర్ నల్లబడిపోతుంది, అంటే సరిగ్గా కెమెరా చూస్తున్న క్షణాన్నే మనం చూడలేం. ఇదంతా ఇంట్లో మాన్యువల్‌లో చదివిందే. ఆ గదిలో నిలబడితే ఒళ్లు జలదరించింది. నేను కెమెరా పట్టుకుని ఇంకో కెమెరా లోపల నిలబడి ఉన్నాను.

ఆ బొమ్మని ఫోటో తీయడం తేలిక కాదు. గదిలో వెలుతురు చాలా తక్కువ, రంధ్రం చిన్నది కాబట్టే బొమ్మకి ఆ మాత్రం స్పష్టత, పెద్దదైతే వెలుగు పెరిగి అంచులు చెదిరిపోతాయి. ఫోకస్ చేతితో తిప్పుకుని, ఐఎస్‌ఓ 3200 పెట్టి, వీపు గోడకి ఆనించి, ఊపిరి బిగబట్టి సెకనులో 15వ వంతు. కొంచెం నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) ఉంది, గోడ గరుకుదనం కూడా కనిపిస్తోంది. నాకు అలాగే కావాలి. నున్నగా చేసేస్తే అది గోడ అని తెలియదు. తమ్ముడు స్క్రీన్ మీద ఫోటో చూసి కెమెరాని తిరగేసి పట్టుకున్నాడు, గోపురం నిటారుగా నిలబడింది.

మర్నాడు విఠల ఆలయం. రాతిరథం 50 రూపాయల నోటు మీద అందరూ చూసిందే, 2017లో వచ్చిన నోటు. దాని ముందు జనం ఎప్పుడూ ఉంటారు. జనం లేకుండా తీయాలని చాలామంది తలుపులు తెరవగానే పరిగెత్తుకొస్తారు, మేమూ అలాగే వచ్చాం, కొన్ని తీశాం, కానీ తర్వాత చూసుకుంటే పక్కన ఒక చిన్నపిల్ల నిలబడి ఉన్న ఫోటోలోనే రథం ఎంత పెద్దదో తెలుస్తోంది. ఈ రథం గురించి నాకు తెలిసిన ఒక సంగతి చెప్పాలి. మద్రాసు సైన్యంలో పనిచేసిన అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే ఆయన 1856లో హంపి అంతా తిరిగి ఫోటోలు తీశాడు, మైనం పట్టించిన పెద్ద పెద్ద కాగితపు నెగెటివ్‌ల మీద. ఆయన తీసిన రథం ఫోటోలో దాని మీద ఇటుకలతో కట్టిన శిఖరం ఉంది! ఇప్పుడు లేదు, తర్వాత తీసేశారు. ఆ ఒక్క కాగితం లేకపోతే మనం రథాన్ని మొదట్నుంచీ ఇలాగే ఉందనుకునేవాళ్లం. ఫోన్లో ఆ ఫోటో తెరిచి, ఆయన ఎక్కడ నిలబడి ఉంటాడో వెతుక్కుంటూ మేం అడుగు అటూ అడుగు ఇటూ జరుగుతూ ఉంటే ఎండ ఎక్కింది కూడా తెలీలేదు. ఆయనకి వ్యూఫైండర్లో ప్రిజం లేదు, ఒక్కో కాగితానికి నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ (వెలుతురు తగలనివ్వడం) ఇవ్వాల్సిన కాలం. మనకి తీసిన మరుక్షణం హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు ఎంతెంతో చూపే గ్రాఫు) కూడా కనిపిస్తుంది. అయినా ఆయన ఫ్రేములో ఒక్క మూల వృథాగా లేదు. 32 జీబీ కార్డు చేతిలో ఉంది కదా అని అప్పటిదాకా వరసపెట్టి నొక్కుతున్న మేం ఆ తర్వాత బాగా నెమ్మదించాం.

మధ్యాహ్నం రాజప్రాసాదాల వైపు వెళ్లాం. ఏనుగుల సాలలు, పదకొండు గదులు, పైన గుమ్మటాలు, సరిగ్గా నడిమి గది ఎదురుగా నిలబడి తీస్తే చాలు, ఎక్కువ ఆలోచించక్కర్లేదు. కమల మహల్ తోరణాలు బయటినుంచి తీస్తేనే అందం. నాకు బాగా పని చెప్పింది హజార రామాలయం. బయటి గోడల నిండా రామాయణం వరసలు వరసలుగా చెక్కి ఉంది, ఎండ ఏటవాలుగా పడితేనే బొమ్మలు గోడలోంచి బయటికొస్తాయి. లోపల నాలుగు నల్లరాతి స్తంభాలు ఉన్నాయి, నునుపు చేసి మెరిపించినవి. వాటిని తీస్తే మొదటి ఫోటోలోనే నలుపు బూడిదరంగై వచ్చింది. వెలుతురు కొలిచే కెమెరా మీటర్‌కి ఎదురుగా ఉన్నది నల్లరాయో తెల్లగోడో తెలియదు, దేన్నయినా నడిమి బూడిదరంగుకి తెచ్చేస్తుంది. నల్లది చూస్తే చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ ఒకటికి దించాక రాయి రాయిలా నల్లగా, మెరుపు మెరుపులా వచ్చింది. ఆ ఒక్క మీట సంగతి అర్థమైతే కెమెరా సగం వచ్చేసినట్టే అని నా అభిప్రాయం.

అక్కడికి దగ్గర్లోనే మెట్ల పుష్కరిణి. 1980లలో తవ్వకాల్లో బయటపడింది, అంటే గ్రీన్‌లా దీన్ని చూసే వీల్లేదు. ఏ రాయి ఎక్కడ పెట్టాలో తెలియడానికి రాళ్ల మీద గుర్తులు చెక్కి ఉంటాయి. సాయంత్రపు నీడ మెట్ల మీద పడితే త్రికోణాల్లో త్రికోణాలు, ఎటు చూసినా గీతలే. నేను ఎఫ్/11 పెట్టి ముందు మెట్టునుంచి అవతలి గట్టుదాకా అన్నీ స్పష్టంగా వచ్చేలా తీశాను. తమ్ముడు 50 ఎంఎంతో ఎఫ్/1.8లో ఒకే ఒక్క చెక్కుడు గుర్తు మీద ఫోకస్ పెట్టి మిగతా మెట్లన్నీ మసకబార్చాడు. ఒప్పుకోవాలి, వాడి ఫోటోనే బాగుంది.

రాత్రి గదికొచ్చి కార్డులు ఖాళీ చేసుకునేటప్పుడు రా ఫైళ్ల (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైళ్ల) విలువ తెలిసింది. విరూపాక్ష ఆలయం పక్కనున్న హేమకూటం గుట్ట మీద సూర్యాస్తమయంలో తీసినవాటిలో ఆకాశం తెల్లగా పేలిపోకూడదని ఎక్స్‌పోజర్ తగ్గించి తీశాం, మండపాలన్నీ చీకట్లో ఉన్నాయి. నీడల్ని కాస్త పైకి లాగితే స్తంభాలు, వాటి మధ్య కూర్చున్న మనుషులు కూడా బయటికొచ్చారు. ఆకాశం పేలిపోయి ఉంటే అది మాత్రం ఎంత లాగినా వెనక్కి రాదు.

ఈసారి వానాకాలంలో వెళ్లాలనుకుంటున్నాం, తుంగభద్ర నిండుగా ఉన్నప్పుడు, బండలు తడిసి ముదురు రంగులో మెరిసేటప్పుడు. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ గ్రీన్‌లా నిలబడిన చోట్లే నిలబడి హంపిని మళ్లీ తీశాడు. ఆ ఇద్దరి ఫోటోలూ ప్రింటు తీసి చేత్తో పట్టుకుని, అవే చోట్లు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ తిరగాలని మా ఆలోచన. 50 ఎంఎం లెన్స్ తనకే కావాలని తమ్ముడు ఇప్పట్నుంచే అడుగుతున్నాడు.