హోంగ్‌దే గుమ్మం, మా ఇంటి టు-లెట్ బోర్డు

సియోల్ నుంచి వచ్చి పన్నెండు రోజులైంది. క్లబ్బుకి వెళ్ళలేదా అని మా పెద్దమ్మ కూతురు నాలుగుసార్లు అడిగింది. వెళ్ళానక్కా. గుమ్మం దాకా వెళ్ళాను.

హోంగ్‌దే అంటే హోంగిక్ యూనివర్సిటీ చుట్టుపక్కల ఏరియా. సబ్‌వేలో తొమ్మిదో నంబరు ఎగ్జిట్ నుంచి బయటికొస్తే సందుసందుకీ పాటలే. హాస్టల్లో పరిచయమైన ఆస్ట్రేలియా అబ్బాయి, ఫ్రాన్స్ అమ్మాయి, నేను కలిసి వెళ్ళాం. అరగంట క్యూలో నిలబడ్డాం. బౌన్సర్ వాళ్ళిద్దరి పాస్‌పోర్టులూ చూసి లోపలికి పంపాడు. నాది తెరవనే లేదు. అట్ట చూసి, రెండు చేతులూ ఇంటూ గుర్తులా అడ్డంపెట్టి "నో ఫారినర్" అన్నాడు. మరి వాళ్ళెవరు అని అడిగాను. మళ్ళీ అలాగే చేతులు పెట్టి, నా వెనకవాళ్ళని రమ్మన్నాడు. చెవులు వేడెక్కిపోయాయి.

వాళ్ళిద్దరూ నాకోసం బయటికి వచ్చేశారు. అది మాత్రం మర్చిపోలేను.

రూముకొచ్చి ఫోన్‌లో వెతికాను. 2017లో సియోల్‌లోనే ఇతెవాన్ అనే ఏరియాలో ఒక బార్ దగ్గర, అక్కడ చదువుకుంటున్న మన దేశం అబ్బాయిని ఇలాగే ఆపితే, ఆ వీడియో వార్తల్లోకి ఎక్కింది. అన్ని రకాల వివక్షకీ కలిపి ఒకే చట్టం తేవాలని 2007 నుంచి దక్షిణ కొరియాలో బిల్లులు పెడుతూనే ఉన్నారు, ఒక్కటీ పాస్ కాలేదు. అలాగని ఆ ఊరిని తిట్టలేను. దారి తప్పితే బస్టాపు దాకా నాతో నడిచొచ్చిన పెద్దావిడదీ ఆ ఊరే.

ఆ రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. రెండేళ్ళ కిందట విజయవాడ పటమటలో మా పైపోర్షన్ ఖాళీ అయింది. ఇక్కడికి చదువుకోడానికి ఆఫ్రికా నుంచి వచ్చిన ఇద్దరబ్బాయిలు మే నెల ఎండలో గేటు కొట్టారు. నాన్న లోపలి నుంచే చెయ్యి ఊపారు. ఇంగ్లీషు వచ్చింది నాకు కాబట్టి, నిన్ననే ఇచ్చేశామని చెప్పింది నేను. వాళ్ళలో పొడుగబ్బాయి గేటుకున్న టు-లెట్ బోర్డు చూశాడు. "థ్యాంక్యూ సిస్టర్" అని వెళ్ళిపోయాడు.

నిన్న అన్నం తినేటప్పుడు నాన్నకి రెండూ చెప్పాను.

"అదీ ఇదీ ఒకటేనా అమ్మా?" అన్నారు.

"ఒకటే నాన్నా."

వచ్చే నెల పైపోర్షన్ మళ్ళీ ఖాళీ అవుతోంది. ఈసారి బోర్డు మీద నా ఫోన్ నంబరు రాస్తానన్నాను. నాన్న ఇంకా ఏమీ అనలేదు.