కార్తీకానికి ముందు ఐదు రోజులు

మా ఫ్రిజ్ తలుపు మీద పోయినేడాది అంతా రెండు కాగితాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి గుడివాళ్ళు ఇచ్చిన తిథుల క్యాలెండరు. రెండోది కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (మేముండే అమెరికా రాష్ట్రపు వన్యప్రాణి శాఖ) వాళ్ళ వేట పుస్తకంలోంచి మా అమ్మాయి కత్తిరించి అంటించిన సీజన్ల పట్టిక. 2025 ఏప్రిల్ 1 రాత్రి ఎనిమిది గంటల్లోపు ఆ రెండింటికీ పొత్తు కుదర్చాలి. ఆ గంట దాటితే వేట లైసెన్సుల డ్రాకి, అంటే లాటరీకి, దరఖాస్తు తీసుకోరు.

అమ్మాయికి పదమూడేళ్ళు, డెన్వర్ పక్కనే పుట్టి పెరిగింది. స్నేహితురాలి కుటుంబం ఏటా అక్టోబరులో ఎల్క్ వేటకు వెళ్తుంది. ఈ రాష్ట్రంలో పెద్ద జంతువుల వేటకి పిల్లలకి పన్నెండేళ్ళు నిండాలి. నిండిన వారమే "నాన్నా, హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో చేరదాం, నువ్వు కూడా రావాలి" అంది. 1949 నుంచి ఇటు పుట్టిన ఎవరికైనా ఆ కోర్సు పాసైతేనే లైసెన్సు. పదహారేళ్ళలోపు పిల్లల వెంట, పాసైన పెద్దవాళ్ళొకరు కంటికి కనబడేంత, పిలిస్తే వినబడేంత దూరంలో ఉండాలి. అలా నలభై ఏడేళ్ళ వయసులో కూతురి పక్క కుర్చీలో కూర్చుని పరీక్ష రాశాను.

మాది పాత కర్నూలు జిల్లా (ఇప్పుడు నంద్యాల జిల్లా) ఆత్మకూరు వైపు, నల్లమల అంచు ఊరు. ఎల్క్ అంటే దుప్పి జాతే. అడవిలో కణుజుని చూసినవాళ్ళకి పోలిక తెలుస్తుంది, ఒళ్ళు ఇంకా పెద్దది. మా నాయన జొన్న చేలో మంచె కట్టుకుని రాత్రంతా అడవిపందులకి కాపలా ఉండేవాడు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత వేట నేరం. ఆయన ఏ జంతువునీ చంపినట్టు నాకు తెలియదు. కానీ గాలి ఎటు వీస్తోందో, ఏది ఎటు నుంచి వస్తుందో చీకట్లోనే చెప్పేవాడు. నేను చదువుకుని ఊరు వదిలాను కాబట్టి ఆ విద్య నాకు అందలేదు. అమ్మాయి అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మంచె.

మా ఆవిడ నెల రోజులు ఒప్పుకోలేదు. "ఏవండీ, పిల్లలున్న ఇంట్లోకి తుపాకీయా?" అన్న ఒక్క మాట మీదే నిలబడింది. అందులో తప్పేమీ లేదు. చివరికి గోడకి బిగించిన ఉక్కు పెట్టె కొన్నాం. తాళంచెవి ఆవిడ దగ్గర, తూటాలు వేరే గదిలో. పిల్లలున్న ఇంట్లో తుపాకీకి తాళం వేసి ఉంచాలని కొలరాడోలో 2021 నుంచి చట్టమే ఉంది. ఇంకో మాట. వీసాల మీద ఉన్న మనవాళ్ళకి ఇక్కడ తుపాకీ దగ్గర ఉంచుకోవడం మీద ఫెడరల్ నిషేధం ఉంది. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉన్నా, లాయరుని అడగకుండా మాత్రం ముట్టుకోవద్దు. మేం గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆ ఆలోచనే చేయలేదు.

గైడ్‌ని పెట్టుకుంటే వేల డాలర్లవుతుంది. డబ్బు సరే, గైడ్ ఉంటే ఎక్కడికి, ఎప్పుడు, ఏ వాలు మీదికి అన్నవన్నీ అతనే తేలుస్తాడు, పిల్లకి మిగిలేది మీట నొక్కడం. అది మాత్రమే నేర్చుకుంటే అసలు వెళ్ళకపోవడమే నయమని నా గట్టి అభిప్రాయం. సొంతంగానే వెళ్దామనుకున్నాం.

ముందు 'ఎప్పుడు' అన్నది తేలాలి. విల్లు సీజన్ సెప్టెంబరు 2 నుంచి 30 దాకా. మగ ఎల్క్‌లు జతకట్టే కాలం అది, లోయలంతా వాటి ఈల కూతే. అడవి అంత అందంగా ఇంకెప్పుడూ ఉండదంటారు. కానీ విల్లు లాగడానికి కనీసం 35 పౌన్ల బిగువు ఉండాలని నిబంధన. అమ్మాయి చెయ్యి ఇంకా అంత గట్టిపడలేదు. పైగా సెప్టెంబరు 22 నుంచి మా ఇంట్లో నవరాత్రులు, ఆ తొమ్మిది రోజులూ నీసు గడప తొక్కదు.

రైఫిల్ సీజన్లు నాలుగు. రెండోది అక్టోబరు 25న, మూడోది నవంబరు 8న మొదలు. ఈ రెండింటికీ చాలా యూనిట్లలో డ్రా లేకుండా కొట్లోనే మగ ఎల్క్ లైసెన్సు కొనుక్కోవచ్చు. అందుకే జనం ఎక్కువ. స్నేహితులంతా "రెండో సీజన్‌కి పోండి, సులువు" అన్నారు. క్యాలెండరు చూస్తే దీపావళి అక్టోబరు 20, కార్తీకం 22 నుంచి నవంబరు 20 దాకా. రెండోదీ మూడోదీ మొత్తం కార్తీకంలోనే. నాలుగోది నవంబరు 19న మొదలు, మంచు, చలి. పిల్లతో ఆ చలిలో గుడారమా అని అది కొట్టేశాను.

ఫోన్లో అమ్మని అడిగాను. అడగకుండా కూడా నాకు జవాబు తెలుసు. "శ్రీశైలం మల్లన్న నీడలో పుట్టి కార్తీకంలో జీవాన్ని చంపుతావేమిరా?" అంది.

అమ్మాయి వెంటనే, "అవ్వా, మరి అంతకుముందు చంపితే పర్లేదా?" అని అడిగింది. కొట్లాటకి కాదు, తెలుసుకుందామని. అమ్మ కాసేపు ఆగి, "తినేదానికైతే తప్పు లేదులే తల్లీ. ఆ నెల మాత్రం వద్దు. నెల రోజులు ఆగలేమా?" అంది.

అమ్మాయి పెన్సిల్ తీసుకుని అక్టోబరు 15 నుంచి 19 దాకా ఐదు గళ్ళ చుట్టూ గీత గీసింది. దసరా అక్టోబరు 2నే అయిపోతుంది, దీపావళి ఇంకా రాదు. మొదటి రైఫిల్ సీజన్ అది, ఎల్క్‌కి మాత్రమే. లైసెన్సులన్నీ డ్రాలోనే కాబట్టి జనం తక్కువ. జతకట్టే కాలం ముగిసి మందలు ఇంకా ఎత్తుల్లోనే ఉంటాయి, తుపాకుల మోతకి ఇంకా బెదిరిపోయి ఉండవు. పండగల కోసం వెతికిన సందు వేటకీ మంచిదే అయింది.

ఏ లైసెన్సు అన్నది ఇంకో చర్చ. మగదానికి చాలాచోట్ల కొమ్ముకి నాలుగు మొనలుండాలి. ఆడదాని లైసెన్సు డ్రాలో తొందరగా వస్తుంది, పిల్లలకి అందులో ప్రాధాన్యం కూడా ఇస్తారు. అమ్మకి ఇది అస్సలు మింగుడు పడలేదు. "మనం పోతుని కోస్తాం గానీ ఆడమేకని కోస్తామా? దాని కడుపున బిడ్డ ఉంటే?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అమ్మాయి క్లాసులో విన్నది తనకొచ్చిన తెలుగులో చెప్పింది: ఇక్కడ రెండున్నర లక్షలకు పైగా ఎల్క్‌లు ఉన్నాయి, చలికాలం మేత ఉన్న నేల కొంచెమే, మంద ఎంత పెరగాలన్నది ఆడవాటి లెక్క మీదే ఉంటుంది, జూన్‌లో పుట్టిన పిల్లలు అక్టోబరుకి మందతో కలిసి మేస్తుంటాయి. అమ్మ అంతా విని "మీ అడవి లెక్క మీకు తెలుస్తాది. నాకు మాత్రం మనసొప్పదు" అంది. ఆ మాట అలాగే ఉంచి దరఖాస్తు పంపాం. వీళ్ళిద్దరిలో ఒకరిని గెలిపించాల్సిన పని నాకు కనబడలేదు.

ఇక 'ఎక్కడ'. కొలరాడోని వేట కోసం యూనిట్లుగా విడగొట్టి అంకెలు వేశారు. మ్యాపులో ఆకుపచ్చ నేషనల్ ఫారెస్టు, పసుపు బీఎల్ఎం (కేంద్ర భూముల శాఖ) భూమి, నీలం రాష్ట్రానిది, తెలుపు ప్రైవేటు. మొదట వాయవ్య మూల క్రెయిగ్ ఊరి వైపు యూనిట్లు చూసి సంబరపడ్డాం, ఎల్క్‌లు బోలెడు. తీరా రంగులు చూస్తే తెలుపే ఎక్కువ. తుపాకీ పేలగానే మందలు కంచె దాటి ప్రైవేటు గడ్డిలోకి పోతాయి, మనం బయట నిలబడి చూడాలి. నైరుతి మూల సాన్ హువాన్ కొండలు ఆరేడు గంటల ప్రయాణం. ముందే రెండు మూడుసార్లు వెళ్ళి చూసి రాలేని చోటు, ఎంత గొప్పదైనా సొంతంగా వెళ్ళేవాళ్ళకి పనికిరాదని నేననుకుంటాను. మేం ముందే వద్దనుకున్న పక్క రాష్ట్రం వ్యోమింగ్‌లోనైతే బయటి రాష్ట్రంవాళ్ళు విల్డర్‌నెస్ (రోడ్లు లేని రక్షిత అడవి) ప్రాంతాల్లో గైడో స్థానికుడో తోడు లేకుండా వేటాడకూడదు.

చివరికి మీకర్ ఊరికి తూర్పున, వైట్ రివర్ నేషనల్ ఫారెస్టులో ఫ్లాట్ టాప్స్ పీఠభూమి అంచు తేల్చుకున్నాం. దేశంలోకెల్లా పెద్ద ఎల్క్ మంద తిరిగే ప్రాంతమది, మాకు నాలుగు గంటల దారి. కానీ నేను అమ్మాయికి పెట్టిన షరతు వేరే. ఆడ ఎల్క్ బరువు రెండు వందల కిలోలకు పైనే. చంపాక తినదగ్గ మాంసం అడవిలో వదిలేయడం ఇక్కడ నేరం, నా దృష్టిలో పాపం కూడా. వీపు మీద నాలుగైదు విడతలు మోయాలి. అందుకని కారు ఆపే చోటు నుంచి మైలున్నర దాటకూడదు, తిరిగొచ్చేటప్పుడు దారి ఎగువకి ఉండకూడదు. ఈ రెండు గీతలూ మ్యాపు మీద గీస్తే నాలుగు చోట్లు మిగిలాయి.

జూలైలో వెళ్ళి ఆ నాలుగూ నడిచాం. తొమ్మిదిన్నర వేల అడుగుల మీద, ఉత్తరం వైపు వాలులో చిక్కటి స్ప్రూస్ చెట్ల మధ్య ఒక బురద గుంట కనబడింది, పెద్ద జంతువు పొర్లిన గుర్తులు, అంచున వెంట్రుకలు. ఆ గుంట నీటికి, పగలు పడుకునే చిక్కటి అడవి నీడకి, తెల్లారి మేసే గడ్డికి మధ్య పావు మైలు కూడా లేదు. అమ్మాయి బాటలోంచి చిటికెడు దుమ్ము తీసి వదిలింది, అది వాలు వెంట కిందికి జారింది. తెల్లవారు చల్లగాలి లోయలోకి దిగుతుంది, ఎండెక్కాక పైకి తిరుగుతుంది, కాబట్టి పొద్దున మనం మందకి దిగువన ఉండాలి అని తనే చెప్పింది. దుమ్ము వదిలిన ఆ చెయ్యి అచ్చం మా నాయన చెయ్యే. ఆయన్ని అది ఫొటోలో తప్ప చూడలేదు.

ఆగస్టు 2న పిడుగు పడి మీకర్ దగ్గర లీ ఫైర్ అనే కార్చిచ్చు అంటుకుంది. 1,37,000 ఎకరాలకు పైగా కాలిపోయింది. ఊరికి తూర్పున ఇంకో మంట. రెండు వారాలు రోజూ మంటల మ్యాపు చూస్తూ కూర్చున్నాం. మా గుంట మిగిలింది, పొగ మాత్రం చాలారోజులు ఉందట. అప్పుడు తెలిసింది ఒక్క చోటునే నమ్ముకోకూడదని. మిగతా మూడింటికీ మళ్ళీ వెళ్ళి చూసొచ్చాం.

దసరాకి ఆయుధపూజలో తుపాకీ పెట్టడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. కత్తికీ, బైనాక్యులర్స్‌కీ బొట్టు పెట్టింది.

వేట గురించి చెప్పాల్సింది కొంచెమే. మొదటి మూడు రోజులూ ఏమీ కనబడలేదు. మా గుంట దగ్గర అప్పటికే వేరేవాళ్ళ గుడారం ఉంది. అమ్మాయి ఏడుపు ఆపుకుని మూడో చోటికి పోదామంది. ఈ రాష్ట్రంలో వెళ్ళిన ఐదుగురిలో ఒక్కరికి దొరికితే గొప్ప, అది ముందే చెప్పి ఉంచాను. శనివారం తెల్లారి ఆస్పెన్ చెట్ల అంచున ఏడు ఆడ ఎల్క్‌లు మేస్తూ కనబడ్డాయి. రెండు వందల గజాలు దాటితే కాల్చకూడదని మా ఒప్పందం. నూట అరవై. బైనాక్యులర్స్ అంచున కుంకుమ ఇంకా ఉంది, అది నా చూపుడువేలికి అంటుకుంది. ఒక్క గుండు. అమ్మాయి దాని దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు లేవలేదు. నేనూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం నారింజరంగు చొక్కాల చేతులు పైకి మడిచాం. ఐదు విడతలు మోసేసరికి సాయంత్రం నాలుగైంది. ఆఖరి విడత అమ్మాయి సగం దారిలో కూలబడి, మళ్ళీ లేచింది.

ఆదివారం రాత్రికి ఇల్లు చేరాం, సోమవారం దీపావళి. దుప్పి జాతి జంతువుల మెదడుకి వచ్చే క్రానిక్ వేస్టింగ్ జబ్బు పరీక్షకి నమూనా ఇచ్చాం, ఫలితం వచ్చేదాకా ఎలాగూ తినకూడదు. అది బాగానే వచ్చింది, కానీ అప్పటికి కార్తీకం నడుస్తోంది. గరాజు ఫ్రీజరులో డెబ్బై పొట్లాలు, ఒక్కోదాని మీద అమ్మాయి చేతిరాత: వెనక తొడ, వీపు, ముందరి జబ్బ. స్నేహితురాలి ఇంట్లో వాళ్ళ వేట మాంసం అప్పుడే సగం తినేశారు. మా అమ్మాయి మాత్రం ప్రతి సోమవారం వాళ్ళమ్మతో కలిసి ఉపవాసం ఉంది. మేం ఉండమనలేదు.

నవంబరు 21, పోలి పాడ్యమి. తెల్లారుజామున పెరటి తొట్టెలో అరటిదొప్ప దొరక్క ఆకుల మీద ఒత్తులు వెలిగించి వదిలారు తల్లీకూతుళ్ళు. మర్నాడు శనివారం, ఆ రోజు కూడా మాకు నీసు లేదు. ఆదివారం పొద్దున్నే అమ్మాయి గరాజులోకి వెళ్ళి 'ముందరి జబ్బ' పొట్లం తెచ్చింది. కొవ్వు లేని మాంసం కదా, మంట తగ్గించి మూడు గంటలు ఉడికించాను, గసాలూ ఎండుకొబ్బరీ నూరి వేశాను. వీడియోలో అమ్మ గిన్నెలోకి తొంగి చూసి, "ఉప్పు సరిపోయిందా తల్లీ?" అని మనవరాలిని అడిగింది.