ప్రాణం కంఠంలోకి వచ్చాకనా పాస్టరు గారికి కబురు?

“మీలో ఎవడైనను రోగియై యున్నాడా? అతడు సంఘపు పెద్దలను పిలిపింపవలెను” (యాకోబు 5:14). ఈ వచనం మీద నూనె గురించి, స్వస్థత గురించి ప్రసంగాలు చాలా విన్నాం. కబురు పెట్టవలసింది రోగే అన్న సంగతి మాత్రం మన ఇళ్లలో ఎవరికీ పట్టదు. జబ్బును దాచిపెడతాం, నలుగురికీ తెలిస్తే ఏ పాపానికి శిక్షో అనుకుంటారని. పాస్టరు గారు ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం పట్టుకొని ఇంటికి వచ్చారంటే ఇక ఆశ లేనట్టేనని మరో భయం. ఆ బల్ల దగ్గర పాపక్షమాపణ, జీవము, రక్షణ దొరుకుతాయని జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథరు రాసిన ప్రశ్నోత్తరాల పాఠం ‘చిన్న కాటెకిజం’లో వల్లించిన మనమే దాన్ని చావు కబురుగా మార్చేశాం!

1527లో లూథరు ఉన్న ఊరు విట్టెన్‌బర్గు‌లో ప్లేగు వచ్చింది. విశ్వవిద్యాలయం యేనాకు తరలిపోయింది. లూథరును కూడా వెళ్లిపొమ్మని పాలకుడు చెప్పినా ఆయన కదలలేదు. భార్య కేథరీన గర్భవతి. ఆ ఇంట్లోనే రోగులకు చోటిచ్చారు. ప్లేగు వస్తే పారిపోవచ్చా అని బ్రెస్లావు పాస్టరు హెస్ అడిగితే లూథరు రాసిన జవాబు ఈనాటికీ మన మీద సూటిగా పడుతుంది. ప్రార్థిస్తాను, ఇంటికి పొగ వేస్తాను, మందు ఇస్తాను, నేనూ వేసుకుంటాను, అవసరం లేని చోటికి వెళ్లను, పొరుగువాడికి నా అవసరం ఉంటే మాత్రం వెనుదీయను అంటాడు. మందు మానడం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడం. 1883లో గుంటూరుకు వచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ కూడా సువార్తనూ వైద్యాన్నీ ఒకే పరిచర్యగా చేశారు.

అదే జవాబు చివర లూథరు కోపగిస్తాడు. రోగికి స్పృహ ఉండగానే, జబ్బు ముదరకముందే పాస్టరును పిలవండి అంటాడు. ప్రాణం నాలుక కొసకు వచ్చేదాకా ఊరుకుని, అప్పుడు ‘అయ్యా, నాలుగు మంచి మాటలు చెప్పండి’ అని బతిమాలుతారట. చదువుతుంటే మా మేనత్త కళ్లముందు మెదిలింది. ‘కంగారు పడుతుంది’ అని ఇంట్లోవాళ్లు వాయిదా వేస్తూ వచ్చారు. గొంతులో గొట్టం వేశాక పిలిచారు. పాస్టరు గారు సంచిలోని ప్రభు భోజనపు చిన్న పాత్రను బయటికి తీయనేలేదు. ఆమె తలమీద చెయ్యి ఉంచి ప్రభువు ప్రార్థన చెప్పారు. ఆమె పెదవులు కదలలేదు. ఆమె మనసులో ఏ బరువు ఉందో, ఏ మాట ఒప్పుకుని తేలికపడాలనుకుందో ఎవరమూ వినలేకపోయాం. ప్రభువు ఆమెను విడిచిపెట్టలేదు, ఆ నమ్మకం నాకుంది. కానీ ఆమెకు అందవలసిన ఆదరణను మధ్యలో ఆపింది మనుషులే.

సంఘ పెద్దలారా, మీరూ గడియారం చూసుకుంటూ ప్రార్థన ముగించకండి. “రోగినై యుంటిని, నన్ను చూడ వచ్చితిరి” అని చెప్పిన యేసు ఆ రోగి మంచం మీదే ఉన్నాడు. కూర్చోండి. ఒక కీర్తన మెల్లగా చదవండి. పళ్లూ బిస్కెట్లూ తరువాత.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషను ఉందా? పెద్ద జబ్బని తేలిందా? ఈ రోజే ఫోను చేసి పాస్టరు గారికి చెప్పండి. రోగి ప్రభు భోజనపు రొట్టె మింగలేకపోతే ఆ మాట ముందే చెప్పండి. ఆయన వచ్చాక కాసేపు వాళ్లిద్దరినీ వదిలి మీరు బయటికి రండి.