ఆ అబ్బాయి వినకూడని మాట విన్నాడు

ఆ సాయంత్రం రైల్వే ప్లాట్‌ఫాం మీద ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. బెంచీ మీద కూర్చుని సంచి పక్కన పెట్టుకోవడం వరకే గుర్తు. మిగతాదంతా అక్కడే ఉన్న ఒక పెద్దావిడ తర్వాత మా ఆయనకు చెప్పగా తెలిసింది. ఏడు నెలలైంది. ఇప్పటికి కాస్త భయం తగ్గి రాయగలుగుతున్నాను.

నేను పక్కకు ఒరిగి కింద పడిపోయానట. జనం మూగారు. ఒకాయన సీసా మూత తీసి నోట్లో నీళ్ళు పోయబోయాడు. స్పృహ లేని మనిషికి నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దయచేసి ఎవరికీ అలా పోయకండి. ఇంకొకాయన వంగి చూసి, "ఊపిరి తీస్తోంది, కాసేపట్లో లేస్తుందిలే" అన్నాడట. నేను తీస్తున్నది ఊపిరి కాదు. గుండె ఆగిపోయాక కూడా కొందరు నోరు తెరిచి, గురకలాంటి శబ్దంతో, ఆగి ఆగి ఎగశ్వాస తీస్తారు. అది చూసి బతికే ఉందనుకుని జనం ఆగిపోతారు. అక్కడే నిమిషాలు పోతాయి. ఇద్దరు ముగ్గురైతే ఫోన్లు పైకెత్తి వీడియో తీశారు. వాళ్ళ మీద కోపం నాకింకా పోలేదు, పోదు కూడా.

అప్పుడు ఒక అబ్బాయి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఎలక్ట్రీషియన్ దగ్గర హెల్పర్‌గా చేస్తున్నాడు. పనిచేసే చోట ఒక మధ్యాహ్నం పూట సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళ ఛాతీ నొక్కి రక్తం నడిపించడం నేర్పించారట, అంతే అతని చదువు. నా భుజం తట్టి పిలిచాడు. పలకలేదు. పెద్దావిడ వైపు తిరిగి అంబులెన్స్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టమన్నాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు ముందుకు చాపి, ఆగిపోయాడు.

ఎందుకు ఆగాడో ఆవిడకు అర్థమైంది. చుట్టూ అంతమంది. పడి ఉన్నది ఆడమనిషి. వెనక నుంచి ఎవరో "చూసుకో బాబూ, రేపు ఏమైనా అంటారు" అన్నారు కూడా. ఆవిడ తన శాలువా విప్పి అడ్డంగా పట్టుకుని, "చెయ్యి నాయనా, మీ అమ్మే పడిపోయిందనుకో" అంది. ఆ మాట అనకపోతే నేను లేను.

ఇది నా ఒక్కదాని సంగతి కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో సుమారు 20 వేల కేసులు పరిశీలిస్తే, బహిరంగ ప్రదేశాల్లో గుండె ఆగి పడిపోయిన మగవాళ్ళలో 45 శాతం మందికి అక్కడున్నవాళ్ళు సీపీఆర్ చేశారు, ఆడవాళ్ళలో 39 శాతం మందికే. నేర్చుకునేటప్పుడు వాడే బొమ్మలు కూడా చాలావరకు మగ ఛాతీతోనే ఉంటాయి. ఆడమనిషి ఛాతీ మీద చెయ్యి వేయాల్సి వస్తే జంకడం మరి వింతేముంది?

ఫోన్‌లో ఒకమ్మాయి గొంతు లెక్క చెబుతూ ఉందట. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. గట్టిగా నొక్కండి. ఆపకండి." ఛాతీ మధ్య ఎముక కనీసం 5 సెంటీమీటర్లు కిందికి దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. స్కేలు పట్టుకుని చూసుకోండి, 5 సెంటీమీటర్లంటే ఎంతో. రెండు నిమిషాలకే ఆ అబ్బాయి చొక్కా తడిసిపోయింది. నీళ్ళు పోయబోయిన ఆయనే ముందుకొచ్చి నేను నొక్కుతాను చూపించు అన్నాడట. ఇద్దరూ మార్చి మార్చి నొక్కారు. అందుకే ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు తెలియదు, తెలిశాక వెనక్కి పోలేదు.

అంబులెన్స్ రావడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఎవరూ ఏమీ చేయకుండా వదిలేస్తే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. మీరే లెక్క వేసుకోండి. అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళు బట్టలు కత్తిరించి ప్యాడ్లు అంటించి, రెండుసార్లు షాక్ ఇచ్చారు. రెండోసారికి గుండె దారిలో పడింది.

ఆస్పత్రి సంగతి పెద్దగా చెప్పను. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళం ఒకటి మూసుకుపోయింది, స్టెంట్ వేశారు. అంతకు ముందు వారం రోజులుగా దవడ లాగడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పని ఎక్కువై అనుకున్నాను. ఆడవాళ్ళకు గుండెపోటు ఇలా కూడా వస్తుంది. ఛాతీ పట్టుకుని పడిపోతేనే అనుకోకండి.

రెండో రోజు సాయంత్రం మెలకువ వచ్చింది. ఆ రాత్రి మాత్రం చెప్పాలి.

ఊపిరి తీస్తే ఛాతీలో కత్తి దిగినట్టుంది. ఎవరో నన్ను బాగా కొట్టారనుకున్నాను. ఎందుకు కొట్టారో తెలియక ఏడుపొచ్చింది. రాత్రి రెండు గంటలప్పుడు మానిటర్ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టింది. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. దీపాలన్నీ వెలిగాయి, మనుషులు పరిగెత్తుకొస్తున్నారు. మొదటిసారి తెలియకుండా పోయాను, ఈసారి తెలిసీ తెలిసీ పోతున్నానా అనిపించింది. దేవుడా, మెలకువలో వద్దు అని మొక్కుకున్నాను. బతికించమని కూడా అడగలేదు.

ఒక మేల్ నర్సు నా మొహం మీదికి వంగి, "అమ్మా, ప్యాడ్లు అంటించాలి, దుప్పటి తీస్తున్నాను, సరేనా?" అన్నాడు. తలూపాను. అంటించాడు, వెంటనే దుప్పటి కప్పాడు. ఆ గాభరాలో నన్ను ఒక మనిషిలా అడిగాడు. షాక్ అవసరం రాలేదు, ఇంజెక్షన్‌తోనే నెమ్మదించింది. తెల్లారేదాకా ఎన్నిసార్లు కళ్ళు తెరిచినా ఆ మనిషి మంచం దగ్గరే కనిపించాడు. దేవుడు నా మొక్కు విన్నాడని మా అత్తగారు అంటారు. విన్నాడేమో. నాకు మాత్రం ఆ రాత్రి ఆయన నర్సు బట్టల్లోనే కనిపించాడు.

మూడో రోజు ఆ అబ్బాయి ఆస్పత్రికి వచ్చాడు. నన్ను చూసి పోదామని. వరండాలో మా ఆయన పక్కన నిలబడి ఉండగా డ్యూటీ డాక్టరు ఎక్స్‌రే పట్టుకుని వచ్చి, "ఎవరో తెలియనివాళ్ళు మొరటుగా నొక్కేశారండీ, మూడు పక్కటెముకలు విరిచారు" అని చెప్పి వెళ్ళిపోయాడు. అర నిమిషం మాట. మా ఆయన తిరిగి చూసేసరికి అబ్బాయి లేడు. పేరు, నంబరు ఏదీ తీసుకోలేదు.

ఆ డాక్టరుకూ నా ప్రాణం కాపాడడంలో భాగముంది, కాదనను. కానీ ఆ మాటను క్షమించడం నాకు చేతకావడం లేదు. సరిగ్గా నొక్కినప్పుడు కూడా పక్కటెముకలు విరుగుతుంటాయి. పెద్ద డాక్టరే నాకు విడమరిచి చెప్పారు: ఎముకలు కొన్ని వారాల్లో అతుక్కుంటాయి, రక్తం అందక నాలుగైదు నిమిషాలు గడిస్తే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది, దాన్ని అతికించలేం అని.

ఇంటికొచ్చాక పలకరించడానికి వచ్చిన బంధువొకావిడ, "అంతమంది మగవాళ్ళ మధ్య అలా... ఎలా తట్టుకున్నావే?" అంది. నేను జవాబు చెప్పలేదు. మా అబ్బాయి చెప్పాడు. "మా అమ్మ తట్టుకోలేదు పెద్దమ్మా. చచ్చిపోయింది. వాళ్ళు తీసుకొచ్చారు." ఆవిడ మళ్ళీ రాలేదు.

వాడే నాకొక సంగతి చదివి వినిపించాడు. ఛాతీ నొక్కి గుండెను నడిపించే ఈ పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ నుంచి ముగ్గురు ప్రచురించారు. వాళ్ళలో పెద్దాయన కౌవెన్‌హోవెన్ అసలు డాక్టరే కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఎవరైనా, ఎక్కడైనా మొదలుపెట్టవచ్చు, కావలసినవి రెండు చేతులే అని రాశారు. అది వినగానే కరెంటు పని చేసే ఆ రెండు చేతులే కళ్ళముందు మెదిలాయి.

అతన్ని వెతకడానికి రెండు నెలలు పట్టింది. చివరికి ఆ పెద్దావిడ ప్లాట్‌ఫాం మీదే చూసి పట్టుకుంది. మా ఇంటికి రానన్నాడట. అందుకని నేనే వెళ్ళాను. అతను పనిచేస్తున్న చోట, మెట్ల మీద కూర్చున్నాం. నేనేదో చెప్పేలోపే, తల దించుకుని అడిగాడు.

"ఎముకలు అతుక్కున్నాయా అమ్మా?"

మూడోదో నాలుగోదో నిమిషంలో టక్కుమని శబ్దం వచ్చిందట. ఆపెయ్యాలనిపించిందట. ఫోన్‌లో అమ్మాయి ఆపొద్దనడంతో ఆపలేదు. ఆ శబ్దం రాత్రిళ్ళు ఇప్పటికీ వినిపిస్తోందన్నాడు. డాక్టరు అన్నది అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

ముందు అతని చెయ్యి పట్టుకుని పెద్ద డాక్టరు చెప్పినదంతా చెప్పాను. నమ్మాడో లేదో తెలియలేదు. అప్పుడు నిటారుగా కూర్చుని, అతను చూస్తుండగా, ఛాతీ నిండా ఊపిరి పీల్చి, మెల్లగా వదిలి చూపించాను. ఇంకోసారి చూపించమన్నాడు. చూపించాను.